చనిపోయినావిడ వాంగ్మూలం

కాగితం వచ్చిన రోజున అక్క ఏడవలేదని పోయిన వారం చెప్పుకున్నాం. ఆమె రాయిలాంటిదని కొందరు అనుకుని ఉంటారు. అదేం లేదు. ఒళ్లు మండిపోతున్న మనిషికి ఏడవడానికి తీరిక దొరకలేదు, అంతే.

ఈ కథ ఇప్పుడే చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. అక్క ఒక కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తుంది. డాక్టరు రాసిన చీటీ ప్రకారం వచ్చిన గుండ్రటి అద్దాన్ని తిరిగే చక్రానికి ఆనించి, ఫ్రేములో సరిగ్గా కూర్చునేలా అంచులు తీయడం ఆమె పని. ముప్పై ఏళ్లుగా అదే చక్రం, అదే స్టూలు. ఆమె తమ్ముడు పద్దెనిమిదేళ్లు నిండిన రెండో నెలలో, ఒక మిట్టమధ్యాహ్నం, మత్తుబిళ్లల కోసం మందుల షాపులో దూరాడు. అడ్డొచ్చిన షాపు యజమానిని షట్టరు లాగే ఇనప కొక్కెంతో కొట్టాడు. ఆ మనిషి మళ్లీ కళ్లు తెరవకుండానే మూడో రోజు పోయాడు. తమ్ముడికి యావజ్జీవం పడింది. ఇది ఇరవై నాలుగేళ్ల కిందటి మాట.

ఇప్పుడతన్ని జైల్లో అందరూ మేస్త్రి అంటారు. ఊళ్లో బళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు జైలు వర్క్‌షాపుకే వస్తాయి. పాత తీగంతా పీకేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి, తిప్పి చూసి పంపిస్తాడు. అతని దగ్గర వైండింగ్ నేర్చుకుని విడుదలైనవాళ్లలో పద్నాలుగు మంది బయట షాపులు పెట్టుకున్నారు. వాళ్లలో ఒక్కడు కూడా మళ్లీ లోపలికి రాలేదు. ఈలోగా ముగ్గురు సూపరింటెండెంట్లు మారారు. ముగ్గురూ ఇతన్ని వదిలేయవచ్చునని రాసిచ్చారు. అయినా క్షమాభిక్ష కమిటీ మూడోసారి కూడా కుదరదంది. కారణం ఒక్క ముక్కలో చెప్పింది: మృతుని కుటుంబం తీవ్ర అభ్యంతరం తెలిపినందున.

పోయిన వారం మనం ఆ వాక్యం దగ్గరే ఆగాం.

మంగళవారం పొద్దున తమ్ముడి కేసు చూస్తున్న లాయరమ్మ కబురు పెట్టింది. కోర్టుకెళ్లి, అర్జీల మీద అర్జీలు పెట్టి, కమిటీ ముందున్న ఫైలు నకళ్లు సంపాదించిందావిడ. మొత్తం పదకొండు పేజీలు. అంతకన్నా ముఖ్యం, వచ్చే సోమవారం నాడు కమిటీ ఈ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించేలా ఒప్పించింది. అరగంట సమయం ఇచ్చారట. ఇరవై నాలుగేళ్లకి అరగంట అని అక్క పైకి అనలేదు గానీ, లోపల అనుకుంది.

తొమ్మిదో పేజీ విచారణాధికారి నివేదిక. అక్క లాయరమ్మ ఆఫీసుకెళ్లి, దాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని చదివింది.

"మృతుని భార్యను ఆమె గృహము వద్ద స్వయముగా విచారించితిని. ఆమె కన్నీరు పెట్టుకొని, సదరు ఖైదీ విడుదలైనచో తనకును తన కుమార్తెకును ప్రాణహాణి కలదని, అతనిని జీవితాంతము జైలులోనే ఉంచవలెనని వేడుకొనినది."

కింద పోయిన జూన్ పదకొండో తేదీ, ఒక సంతకం, ఒక రబ్బరు ముద్ర.

అక్క కాగితం బల్ల మీద పెట్టింది. వెళ్లి షాపు యజమాని భార్యతో ఒక్కసారి మాట్లాడి వస్తానంది. లాయరమ్మ కుర్చీలోంచి లేచినంత పని చేసింది. ఆ గుమ్మం తొక్కితే చాలు, ఖైదీ బంధువులు బెదిరించారని ఇంకో పేజీ తయారవుతుందనీ, ఇక ఈ జన్మలో అతను బయటపడడనీ, అసలు ఆ వీధి వైపే చూడొద్దనీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. అక్క తల ఊపింది. ఆమె తల ఊపినంత మాత్రాన ఒప్పుకున్నట్టు లెక్కలోకి రాదని లాయరమ్మకి ఇంకా తెలీదు. ఆవిడ ఈ కేసులోకి వచ్చి రెండేళ్లే అయింది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి అక్క బస్సెక్కింది.

దారి పొడుగునా ఒక్క మాటే ఆమెని గుచ్చింది. ప్రాణహాని. ఎవరి వల్ల? రేపు బయటకొస్తే రోడ్డు దాటడం కూడా తానే నేర్పించాల్సిన మనిషి వల్లా? తాళం తీసి ఉన్న తలుపు ముందు కూడా ఎవరైనా వెళ్లమనే దాకా నిలబడిపోయే మనిషి వల్లా? భర్తని పోగొట్టుకున్నావిడ ఏమన్నా పడాల్సిందేనని ఇన్నేళ్లూ తనకి తాను చెప్పుకుంది. తిట్టినా, శాపాలు పెట్టినా న్యాయమే. కానీ ఈ అబద్ధపు భయం ఎందుకు? ఇంకా వదలకూడదు, నా కోపం తీరలేదు అని సూటిగా చెప్తే అక్క తలొంచుకుని వచ్చేసేది. ప్రాణభయం అనేసరికి ఆమెకి నషాళానికి అంటింది.

కాగితంలో ఉన్న చిరునామాలో వేరే సంసారం ఉంది. కింది వాటాలో దర్జీ పని చేసే పెద్దాయన, వాళ్లు ఖాళీ చేసి చాలా కాలమైందనీ, కూతురు మాత్రం రెండు వీధుల అవతల పంటి డాక్టరు మేడ మీద పనిచేస్తుందనీ చెప్పాడు. తల్లి సంగతి అక్క అడగలేదు, ఆయన చెప్పలేదు.

మేడ మీద ఒకటే పొడుగాటి గది. గోడ పొడుగునా అరలు, అరల నిండా తెల్లటి సుద్ద దవడలు, ఒక్కోదానికీ పెన్సిలుతో రాసిన నెంబరు. మైనం కాలిన వాసన. కిటికీ కింద బల్ల దగ్గర ముప్పై దాటిన మనిషి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చిన్న చక్రం మీద పళ్ల సెట్టు నున్నగా చేస్తోంది. అక్క గుమ్మంలో నిలబడి ఒక్క క్షణం ఆ చేతుల్ని చూసింది. బొటనవేలు ఎక్కడ ఆనించాలో, ఎంత వొత్తాలో తెలిసిన చేతులు. తన పనికీ ఆ పనికీ పెద్ద తేడా లేదు. ఆ పిల్ల కళ్లజోడులో ఎడమ అద్దం ఫ్రేములో ఒక పిసరు పక్కకి తిరిగి ఉండటం కూడా కంటబడింది. ఎంత కోపంలో ఉన్నా ఆ కళ్లకి అలాంటివి కనబడకుండా పోవు.

తాను ఎవరో చెప్పింది.

మందుల షాపాయన కూతురు చక్రం ఆపింది. ముక్కుకి కట్టిన గుడ్డ కిందికి లాక్కుంది. కింద డాక్టరు గదిలో ఎవరో పుక్కిలించి ఉమ్మిన చప్పుడు వినబడింది.

"మీరెవరో ఒకరు వచ్చి ఇలా నిలబడతారని నాకు ఎనిమిదేళ్లప్పటి నుంచీ తెలుసు," అంది చివరికి. "ఏమనాలో కూడా తయారుచేసి పెట్టుకున్నాను. ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావట్లేదు."

అక్క బస్సులో అనుకున్నది వేరు. క్షమించమని అడగాలి, కూర్చోమంటేనే కూర్చోవాలి, గొంతు పెంచకూడదు. తీరా నోరు తెరిచేసరికి ఇంకోటి వచ్చింది. "మీ అమ్మగారితో మాట్లాడాలి. మీకు ప్రాణభయం ఉందని చెప్పారట. ఎవరి వల్ల భయమో ఆవిడ నోటితో ఒక్కసారి వినిపోతాను."

"మా అమ్మతోనా?"

"ఆవిడతోనే. ఏడ్చి మరీ చెప్పారట. నేను కూడా ఏడవాలంటే ఏడుస్తాను. కానీ ఆ మాట ఆవిడ నా మొహం చూసి అనాలి."

కూతురు లేచింది. "మీ తమ్ముడు మా నాన్నని చంపాడు. ఇప్పుడు మీరొచ్చి మా అమ్మని నిలదీస్తారా? ఆవిడ పోయి ఆరేళ్లయింది. వెళ్లండి ఇక్కణ్ణించి."

అక్క వెళ్లలేదు. ఆ మాట ఆమె చెవిలో పడింది గానీ తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఆరేళ్లు. సంచీలోంచి తొమ్మిదో పేజీ తీసి, పళ్ల సెట్ల మధ్య ఖాళీ చూసి, బల్ల మీద పెట్టింది. తేదీ మీద వేలు పెట్టింది.

షాపాయన కూతురు మొదట నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. మూడోసారి పెదవులు కదుపుతూ, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. అప్పుడు ఆమె మొహంలో కోపం చోటు మారడం అక్క కళ్లారా చూసింది. ఇంతసేపూ తన మీద ఉన్నది ఆ కాగితం మీదకి పోయింది.

"కన్నీరు పెట్టుకుందట," అంది. గొంతు పెంచలేదు. "మా అమ్మ. నాన్న పోయిన రోజున కూడా జనం ముందు ఏడవని మనిషి. బాత్రూములోకి పోయి, కుళాయి తిప్పుకుని, ఆ చప్పుట్లో ఏడ్చేది. బయటికొచ్చి నాకు జడ వేసేది. ఆవిణ్ణి పట్టుకుని, పోయాక, వీళ్లు కాగితం మీద ఏడిపించారు. వేడుకుందట. ఎవర్నీ ఏదీ వేడుకోలేదు మా అమ్మ."

ఆవిడ బతికుండగా ఆఫీసర్లు వచ్చి ఎప్పుడైనా అడిగి ఉంటారేమోనని అక్క సందేహంగా అంది. ఆ కూతురు అడ్డంగా తల తిప్పింది. చివరి రెండేళ్లూ తల్లి మంచం దిగలేదనీ, మంచం పక్కన ఉన్నది తానేననీ, డాక్టరూ పాలు పోసేవాడూ తప్ప ఆ గుమ్మంలోకి ఎవరూ రాలేదనీ చెప్పింది. అంతకుముందు కూడా ఎవరూ రాలేదట. ఆ తర్వాత తననీ ఎవరూ అడగలేదట.

"ఇరవై నాలుగేళ్లు," అంది. "మా నాన్నని చంపినవాణ్ణి వదలాలా వద్దా అని మీరూ మీ లాయరూ ఆ కమిటీవాళ్లూ కూర్చుని మాట్లాడుకుంటున్నారు. నేనొకదాన్ని ఉన్నానని ఒక్కళ్లకి గుర్తొచ్చిందా? వద్దనాలంటే నేను అనాలి. సరేననాలన్నా నేనే అనాలి. నా బదులు ఎవడో ఆఫీసులో కూర్చుని అనేశాడు. టీ తాగుతూ రాసుంటాడు."

ఆ మాటల్లో అక్కకి ఒక సందు కనిపించింది. ఆశ మనిషిని ఎంత సిగ్గులేనిదాన్నిగా చేస్తుందో ఆమెకి తర్వాత తెలిసింది. "అయితే సోమవారం కమిటీ ముందుకొచ్చి సరేనంటారా అమ్మా?" అని అడిగేసింది.

కూతురు ఆమెని ఎగాదిగా చూసింది. "మీకంత తొందరా? దొంగ వాంగ్మూలం చూసి నాకు వీళ్ల మీద కోపం వచ్చింది. మీ తమ్ముడి మీద ఉన్నది ఉన్నచోటే ఉంది. రెండు కోపాలు పెట్టుకోడానికి నాలో బోలెడు చోటుంది."

అక్క మొదటిసారి కూర్చుంది. కూర్చోమని ఎవరూ అనలేదు. తప్పయిపోయిందని నెమ్మదిగా అంది. తమ్ముడు చేసింది చిన్నదని చెప్పడానికి రాలేదని అంది. మేస్త్రి అంటారనీ, పద్నాలుగు షాపులనీ చెప్పబోయి, ఆ మొహం చూసి ఊరుకుంది.

చివరికి ఆ కూతురే తేల్చింది. తల్లి మరణ ధ్రువపత్రం బీరువాలో ఉంది. రేపు గురువారం, మధ్యాహ్నం మూడింటికి పని అయిపోతుంది. దాని నకలు పట్టుకుని కళ్లజోళ్ల షాపుకి వచ్చి ఇస్తుంది. సోమవారం కమిటీ ముందుకి స్వయంగా వస్తుంది. చనిపోయినావిడతో మాట్లాడానని రాసిన ఆఫీసరు ఎవరో అతని మొహం చూడాలి. అక్కడ తనని అడిగితే తన మాట తాను చెబుతుంది. అది ఏ మాటో ఇప్పుడే చెప్పలేదు. దానికి ముందు ఒక పని జరగాలి.

"మీ తమ్ముణ్ణి చూడాలి. శనివారం ములాఖత్ ఉంటుందిగా, అప్పుడు."

తొమ్మిదో పేజీ మడుస్తున్న అక్క తలెత్తింది.

"మా నాన్న కళ్లు తెరవకుండానే పోయాడు. పోయే ముందు ఏదన్నా అన్నాడేమోనని అమ్మ అంబులెన్సువాళ్లని అడిగింది, నర్సుల్ని అడిగింది. పోయేదాకా అడుగుతూనే ఉంది. ఎవరికీ తెలీదు. నాన్న నోటి నుంచి చివరి మాట విన్న మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు." కళ్లజోడు తీసి, కళ్లు వత్తుకుని, మళ్లీ పెట్టుకుంది. "కోర్టులో చెప్పింది చదివాను. నాన్న తన గొంతు పట్టుకున్నాడట, పెనుగులాడారట, దెబ్బ తగిలిందట. అది లాయరు నేర్పిన పాఠమని చదువుతుంటేనే తెలుస్తోంది. మీకెప్పుడైనా చెప్పాడా? నాన్న ఏమన్నాడో?"

"లేదమ్మా," అంది అక్క.

ఆ రెండు ముక్కలూ ఎంత నున్నగా జారాయంటే, మెట్లు దిగుతున్నప్పుడు ఆమెకే తన మీద అసహ్యం వేసింది.

అక్కడి నుంచి నేరుగా వెళ్తే లాయరమ్మ మొదట చెడామడా తిట్టింది. తర్వాత విషయం విని, తిట్టడం మధ్యలో ఆపి, బీరువా తెరిచి, పాత తిరస్కరణల కట్టలు బయటికి లాగింది. మొదటిది ఎనిమిదేళ్ల కిందటిది, రెండోది నాలుగేళ్ల కిందటిది. మూడు నివేదికలూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. అధికారులు వేరు, సంతకాలు వేరు. మాటలు మాత్రం అవే. అక్క కళ్లు మూడు కాగితాల మీదా ఒకే చోట ఆగాయి. మూడింట్లోనూ "ప్రాణహాణి" అనే ఉంది. అదే తప్పు, అదే "ణ".

లాయరమ్మ నవ్వింది గానీ ఆ నవ్వులో సరదా లేదు. ఎనిమిదేళ్ల కిందట ఎవడో కుర్చీలోంచి కదలకుండా రాసి పడేశాడు, తర్వాతవాళ్లు తేదీ మార్చి దింపుకున్నారు, ఆ తప్పుతో సహా. ఈ ఒక్క అక్షరం ఒక మనిషిని ఎనిమిదేళ్లు అదనంగా లోపల కూర్చోబెట్టిందని అంటూ మూడు కాగితాలకీ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టింది. సోమవారం వీళ్ల తోలు వలిచేస్తానంది. ఆ తర్వాత కాస్త చల్లబడి అసలు సంగతి చెప్పింది. దొంగ వాంగ్మూలం కొట్టుకుపోతే కమిటీ ముందు మిగిలేది ఒక్కటే, ఆ కూతురి నోటి మాట. ఆమె సరేనంటే వాళ్లు కాదనడానికి కారణం ఉండదు. ఆమె వద్దంటే మాత్రం ఇక ఎవరూ ఏమీ చేయలేరు, ఎందుకంటే ఈసారి అది నిజమైన వద్దు.

ఆ సాయంత్రం అక్క ఇంటికి నడిచే వెళ్లింది. ఇన్నాళ్లూ కమిటీ మీద, ఆఫీసర్ల మీద, టైపు మిషన్ల మీద చూపించిన కోపం ఇప్పుడు తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. ఎందుకంటే ఆమెకి తెలుసు. షాపాయన చివరి మాట ఏమిటో ఆమెకి ఇరవై నాలుగేళ్లుగా తెలుసు.

అరెస్టయిన నాలుగో రోజున, ఊచలకి అవతల నిలబడి, తమ్ముడు చెప్పాడు. షాపాయన అతని కాలరు పట్టుకున్న మాట నిజమే. కానీ మొహం చూడగానే వదిలేశాడు. పిల్లాడివి, ఇంత వణుకుతున్నావేం, కూర్చో, నీళ్లు తాగు, నేనెవర్నీ పిలవను అన్నాడు. అని, నీళ్ల సీసా కోసం వెనక్కి తిరిగాడు. తమ్ముడి చేతికి కొక్కెం అందింది. ఆయన తిరిగి ఉండగానే కొట్టాడు. ఎందుకు కొట్టావురా అని అడిగితే తెలీదన్నాడు. ఆయన పిలుస్తాడనుకున్నాను అన్నాడు. ఎవరూ తనతో అలా మాట్లాడలేదు కాబట్టి అది ఏదో ఎత్తు అనుకున్నాను అన్నాడు.

అప్పుడు అక్కకి ఇరవయ్యారేళ్లు. అమ్మానాన్నా లేరు. అప్పటి లాయరు, పెనుగులాట ఉంటేనే ఉరి తప్పుతుంది అన్నాడు. ఊచల్లోంచి చెయ్యి పెట్టి తమ్ముడి నోరు మూసింది అక్క. ఆయన నీ గొంతు పట్టుకున్నాడని చెప్పు, ఇంకో మాట మాట్లాడితే నేను చచ్చినంత ఒట్టు అంది. పదకొండు ములాఖత్‌లు పట్టింది ఆ అబద్ధం అతనికి నోటికి రావడానికి. ఆఫీసులో కూర్చుని రాసినవాడు చనిపోయినావిడ చేత ఒక మాట అనిపించాడు. తాను చనిపోయినాయన మీద ఒక మాట వేసింది. నీళ్లివ్వబోయిన చేతిని గొంతు పట్టుకున్న చేతిగా మార్చింది.

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి జైలు నుంచి ఫోను వస్తుంది. వారానికోసారి, పది నిమిషాలు. ఆ వేళకి అక్క చక్రం ఆపేసి, షాపు వెనక గదిలో స్టూలు మీద కూర్చుంటుంది. ముందు గదికీ దానికీ మధ్య ఒక చెక్క పార్టిషన్, పైన అడుగు జాగా. ఆ రోజు ఓనరు ఫ్రేముల డబ్బా తేవడానికి బయటికి వెళ్లాడు. జైలు ఫోన్లో మాట సరిగా వినబడదు కాబట్టి అక్క ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది. వీధిలో బళ్ల రొద ఎక్కువగా ఉండి, ఆ రోజు ఇంకా గట్టిగా మాట్లాడింది.

జరిగిందంతా చెప్పింది. మూడు కాగితాలు, ఒకటే తప్పక్షరం. చనిపోయినావిడ. సోమవారం. అవతల తమ్ముడు ఊ కొడుతూ విన్నాడు. కూతురు చూడటానికి వస్తానంటోందని చెప్పేసరికి ఊ కొట్టడం మానేశాడు.

"విను," అంది అక్క. "ఆ పిల్ల ఒకటే అడుగుతుంది. కోర్టులో చెప్పింది చెప్పు. గొడవలో ఏం వినబడలేదని చెప్పు. అంతే. ఒక్క శనివారం నోరు కట్టేసుకో, సోమవారం నీ చెయ్యి పట్టుకుని నేను బయటికి నడిపిస్తాను."

తమ్ముడు అబద్ధం చెప్పలేనన్నాడు.

"ఇన్నేళ్లూ చెప్పావుగా."

"నువ్వు ఒట్టు పెట్టావని చెప్పానక్కా. ఆ కుటుంబంవాళ్లు ఎదురుగా వచ్చి అడిగితే మాత్రం చెప్పేస్తానని అప్పుడే అనుకున్నాను. ఎవరూ రాలేదు. ఇన్నేళ్లూ చూశాను."

అక్కకి ఒక్కసారిగా అంతా ఎగదన్నింది. ముప్పై ఏళ్ల స్టూలు, వెయ్యి శనివారాలు, మూడు తిరస్కరణలు. ఫోను రెండు చేతులతో పట్టుకుంది. "నీ నిజాయితీ ఎవరికి కావాలిరా? నాకు నువ్వు కావాలి. నిన్ను మంచివాణ్ణి చేయడానికి వాళ్లకి ఇరవై నాలుగేళ్లు పట్టింది, ఆ మంచితనంతోనే అక్కడే చస్తానంటావా? ఆ పిల్ల మొహం చూసి ఏం చెప్తావు? మీ నాన్న నా కాలరు వదిలేశాడు, కూర్చోమన్నాడు, నీళ్లివ్వబోయాడు, అటు తిరిగితే వెనక నుంచి కొట్టానని చెప్తావా? అది విన్నాక ఏ కూతురన్నా నిన్ను వదలమంటుందా?"

లైనులో గరగర మొదలైంది, అక్క ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"ఆ రోజు ఆ షాపులోంచి నేను బిళ్లలేమీ తేలేదక్కా," అన్నాడు తమ్ముడు. "భయపడి అన్నీ పడేసి పారిపోయాను. నేను ఎత్తుకొచ్చింది ఒక్కటే, ఆయన చివరి మాట. అది మంచి మాట. వాళ్లది. వాళ్లావిడ దాని కోసం వెతుక్కుంటూ పోయిందంటున్నావు. కూతుర్ని కూడా అలాగే పోనివ్వమంటావా? రమ్మను."

ఒట్టు గుర్తుందా అని అక్క అరవబోయింది. పది నిమిషాలు అయిపోయాయి. ఫోను దానంతటదే తెగిపోయింది.

అక్క ఫోను పక్కన పెట్టింది. ఈ చేతులతో ఇవాళ ఇక అద్దం ముట్టుకోకూడదనుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, ఓనరు వచ్చాడేమో చూద్దామని పార్టిషన్ తలుపు తీసింది.

ముందు గదిలో, కౌంటరుకి ఇవతలగా వేసిన కుర్చీలో షాపాయన కూతురు కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ కవరు, అందులో తల్లి మరణ ధ్రువపత్రం. మూడింటికి పని అయ్యాక వస్తానన్న మాట ఫోను ధ్యాసలో అక్క మరిచేపోయింది. ఎంతసేపటి నుంచి కూర్చుందో తెలీదు. కవరు అంచు పట్టుకున్న వేళ్లు మాత్రం రక్తం లేకుండా తెల్లగా ఉన్నాయి.

అక్క చెయ్యి ఇంకా తలుపు మీదే ఉంది.

"మా నాన్న," అంది ఆ కూతురు, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, "మీ తమ్ముడికి నీళ్లివ్వబోయాడా?"